తొమ్మిదో తప్పు

జనవరి 20, సోమవారం

ప్రయోగం మొదలు కాకముందే ఫలితం వచ్చేసింది.

మధ్యాహ్నం హెచ్.ఓ.డి. శివశంకర్ సార్ గదికి పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. పైన టైటిల్ ఉంది. ఆటోమేటిక్ టెస్టింగ్ ఉంటే కోడ్ రివ్యూ అక్కర్లేదని నిరూపించే అధ్యయనమట. పరిశీలించే అని లేదు, నిరూపించే అని ఉంది.

కాగితం పంపింది హర్షవర్ధన్. మా కాలేజీలోనే చదివి, కర్నూల్లోనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన మనిషి. మొన్న వానాకాలం దాకా వాళ్ళ దగ్గర ప్రతి రిలీజుకూ ముందు ఇద్దరు సీనియర్లు కూర్చుని కోడ్ మొత్తం చదివేవాళ్ళు. వారం పట్టేది. ఇప్పుడు మానేశారు. టెస్టింగ్ టూల్ ఒకటి పెట్టుకున్నారు, అది ఇరవై నిమిషాల్లో తేల్చేస్తుంది. మానేసింది మంచికే అని చెప్పే పేపర్ కావాలి ఆయనకు. ఏటా మా పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే కంపెనీ కాబట్టి సార్‌కి కూడా కావాలి.

నాకూ కావాలి. ఆరేళ్ళుగా ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ని, పీహెచ్‌డీకి శివశంకర్ సారే గైడ్. ఇది నా థీసిస్‌లో నాలుగో చాప్టర్ అవుతుంది. ఒప్పుకున్నాను. టైటిల్ మాత్రం ఆయన ఎదుటే, ఆయన పెన్నుతోనే కొట్టేసి, "ఏ పద్ధతిలో ఎన్ని తప్పులు దొరుకుతాయి" అని రాశాను.

సార్ పెన్ను మాత్రం అడిగి తీసుకున్నారు.

జనవరి 22, బుధవారం

మూడు ప్రోగ్రాములు. రెండు మా ల్యాబువి, ఒకటి లైబ్రరీకి, ఒకటి బస్సుల టైముటేబుల్‌కి. మూడోది కంపెనీది, నిజంగా వాడుకలో ఉన్నది. బిడ్డ వయసు, బరువు కొడితే జ్వరం సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో చెబుతుంది. ఒక ట్రస్టు నడిపే పదకొండు క్లినిక్కుల్లో నర్సులు ట్యాబ్ మీద వాడుతున్నారు. కమలాపురం దగ్గర మా చిన్నమ్మ జీవమ్మ పనిచేసే క్లినిక్ కూడా అందులో ఒకటి.

ఒక్కోదానిలో ఎనిమిది తప్పులు నేనే పెట్టాను. తప్పు పెట్టడం ఇంత సరదాగా ఉంటుందనుకోలేదు. "పది కిలోలు, ఆపైన" అని ఉన్నచోట "పది కిలోలకు పైన" అని మార్చాను. ఒక్క గుర్తు చెరిపితే చాలు, సరిగ్గా పది కిలోలున్న బిడ్డ లెక్కలోంచి గల్లంతు.

ఇరవై నాలుగు మంది ఫైనలియర్ పిల్లలు, మూడు జట్లు. ఒక జట్టు ప్రింటు చదువుతుంది, కంప్యూటర్ ముట్టదు. ఒక జట్టు లోపలి కోడ్ చూడకుండా అంకెలు కొట్టి పరీక్షిస్తుంది. ఇంకో జట్టు కోడ్ పక్కన పెట్టుకుని, అందులో ఉన్న ప్రతి దారీ ఒక్కసారైనా నడిచేలా పరీక్షిస్తుంది. వారం మారితే ప్రోగ్రాం మారుతుంది, పద్ధతీ మారుతుంది. ఒక జట్టు తెలివి ఏ ఒక్క పద్ధతికీ కలిసిరాకూడదు.

సార్‌కి చూపించాను. ఇంత అవసరమా అన్నారు. అవసరమే.

జనవరి 29, బుధవారం

మొదటి వారం అయింది. టెస్టింగ్ ల్యాబులో తిరనాళ్ళ. బగ్ దొరికినప్పుడల్లా చప్పట్లు. చదివేవాళ్ళ గదిలో ఆవలింతలు. ఒకడు ప్రింటు మీదే తల పెట్టి నిద్రపోయాడు. లేపలేదు. ఎన్ని నిమిషాలు పడుకున్నాడో రాసుకున్నాను. అదీ డేటానే.

ఫిబ్రవరి 5, బుధవారం

రెండో వారం. నా మనసు చదివేవాళ్ళ వైపు మొగ్గుతోంది. మొగ్గకూడదు.

ఫిబ్రవరి 12, బుధవారం, సాయంత్రం 4.30

మూడో వారం, సిరప్ ప్రోగ్రాం. ఈసారి చదివే జట్టులో ఎనిమిది మంది. వాళ్ళలో శివకుమారి అనే పత్తికొండ పిల్ల కాగితం అన్నిటికన్నా బాగుంది. నేను పెట్టిన ఎనిమిదిలో ఆరు పట్టుకుంది. మూడున్నర గంటలు లేవలేదు. ప్రతి లైను కిందా పెన్సిల్ గీత ఉంది.

ఏడోదిగా ఇంకొకటి రాసింది. "బరువు పెట్టుకునే డబ్బా ఎక్కడా ఖాళీ చేయలేదు" అని. అది నా లిస్టులో లేదు. ఎర్ర ఇంకుతో అడ్డంగా గీసి, తప్పుడు ఫిర్యాదుల వరుసలో వేశాను.

ఫిబ్రవరి 13, గురువారం, ఉదయం 10.15

శివకుమారి స్టాఫ్‌రూంకి వచ్చింది. తన కాగితం మీద ఆ ఎర్రగీత ఎందుకని అడిగింది. నేను పెట్టిన ఎనిమిదిలో అది లేదని చెప్పాను. ఆ పిల్ల వెళ్ళలేదు. మిగతా లెక్చరర్లు తలలెత్తి చూస్తున్నారు. గొంతు పెంచకుండానే అడిగింది:

"మీరు పెట్టిందైతేనే తప్పా మేడం? మీరు పెట్టకుండా ఉండాది తప్పు గాదా?"

 సాయంత్రం లోపు చూసి చెబుతానన్నాను. ఆరేళ్ళలో ఒక విద్యార్థి ముందు నాకు చెవులు వేడెక్కడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3.00

ఆ పిల్ల చెప్పిందే నిజం.

ముందు పది సార్లు నడిపాను. ఏమీ కనపడలేదు. బరువు ఖాళీగా వదిలితే ప్రోగ్రాం బుద్ధిగా ఆగి, బరువు కావాలంది. శివకుమారిని పిలిపించాను. ఆమె కుర్చీలో కూర్చోకుండానే, మీరు ప్రతిసారీ మూసి తెరుస్తున్నారు మేడం, మూయకుండా ఇంకో బిడ్డను చూడండి అంది.

మొదటి బిడ్డకు నాలుగేళ్ళు, పదహారు కిలోలు. డోసు తొమ్మిదిన్నర. సరే. రెండో బిడ్డకు ఏడు నెలలు, బరువు ఖాళీ. ఈసారి ఆగలేదు. డబ్బాలో మిగిలిపోయిన మొదటి బిడ్డ బరువే తీసుకుని తొమ్మిదిన్నర చెప్పింది. ఏడు నెలల బిడ్డకు నాలుగు దాటకూడదు.

నేను మార్చని అసలు ప్రోగ్రాం తీసి చూశాను. దానిలోనూ ఉంది. ఇది నా తప్పు కాదు, కంపెనీ తప్పు. పదకొండు క్లినిక్కుల్లో ఈ నిమిషాన నడుస్తున్న తప్పు.

టెస్ట్ చేసిన పదహారు మందిలో ఒక్కరికీ దొరకలేదు. ఎందుకో తెలిసింది. ప్రతి టెస్టుకూ ప్రోగ్రాంను కొత్తగా తెరవమని నేనే నేర్పాను. కంపెనీ టూల్ కూడా అదే చేస్తుంది. మేమందరం ఎప్పుడూ మొదటి బిడ్డనే చూస్తున్నాం. నర్సు ముందు రోజుకు నలభై మంది ఉంటారు.

శివకుమారి కాగితం మీద ఎర్రగీతను తుడవలేను. పక్కన "తప్పు నాది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

హర్షవర్ధన్‌కి ఫోన్ చేశాను. శాంతంగా విన్నాడు. నాలుగు వందల టెస్ట్ కేసులు, అన్నీ గ్రీన్, ఒక్కటీ ఫెయిల్ కాలేదన్నాడు. ఆరు నెలల్లో ఒక్క కంప్లైంట్ లేదన్నాడు. నర్సులు బరువు ఖాళీగా ఎందుకు వదులుతారు, అది ట్రైనింగ్‌లోనే చెప్పాం అన్నాడు. తర్వాతి వెర్షన్‌లో, జూన్‌లో చూద్దామన్నాడు.

జూన్ అంట. జ్వరాలు జూన్ దాకా ఆగుతాయా?

ట్రస్టు వాళ్ళ నంబరు అడిగాను. అది క్లయింట్ విషయమని పెట్టేశాడు.

ఫిబ్రవరి 15, శనివారం

ఖాళీగా వదులుతారో లేదో వాడేవాళ్ళనే అడుగుదామని పొద్దున ఆరింటి బస్సెక్కాను. కోయిలకుంట్ల దాటాక రోడ్డుకు రెండు వైపులా శనగ కోసేసిన నల్లరేగడి, బీటలు వారి ఉంది. కమలాపురం చేరేసరికి పదకొండున్నర.

చిన్నమ్మకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. క్లినిక్ వరండాలో పిల్లలు క్యూలో ఉన్నారు. పని ఆపకుండానే నేను చెప్పింది వింది. బరువు ఎప్పుడైనా ఖాళీగా వదిలారా అని అడిగాను. డిసెంబరులో తూకం మిషను చెడిపోయి రెండు వారాలు రిపేరుకు పోయిందట. ఆ రెండు వారాలూ తల్లులు బరువు చెబితే కొట్టారట, లేకపోతే ఖాళీగా వదిలారట. ట్యాబ్‌ని మధ్యలో మూయరు, అది డోసు చెబుతూనే ఉంది కాబట్టి వయసును బట్టి చెబుతోందేమో అనుకున్నారు.

 ఏమైందని అడిగాను. చిన్నమ్మ సిరప్ పోసే చిన్న ప్లాస్టిక్ మూత తీసి, గీత మీద గోరు పెట్టి చూపించింది.

"అది పది అనె. నా చెయ్యి ఒప్పుకోల్యా పాపా. ఏడు నెల్ల బిడ్డకు అంత యాడన్నా పోస్తారా? గోడ మీద చార్టు చూసి నాలుగే పోస్తి."

ఆ రోజు నుంచి ఆమె ట్యాబ్‌ని నమ్మడం లేదు. డోసు ముందు చార్టులో చూసుకుని, తర్వాత రూలు ప్రకారం ట్యాబ్‌లో కొడుతోంది. ఎవరికీ చెప్పలేదా అంటే, చెప్పిందట. సూపర్‌వైజరు ఆమెనే మళ్ళీ ట్రైనింగ్‌కి పంపాడు.

అందుకే ఆరు నెలల్లో ఒక్క కంప్లైంట్ లేదు.

నేను లేచేటప్పుడు చిన్నమ్మ అంది. "ఈడ నేనుండా గాబట్టి సరిపాయ. నిన్న మొన్న చేరిన పిల్లలుండే కాడ?"

తిరుగు బస్సులో ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయాను. ట్రస్టులో పిల్లల డాక్టరు ఎవరని చిన్నమ్మను అడిగి, పేరూ నంబరూ తెచ్చుకున్నాను. డాక్టర్ శిల్ప. ఫోన్ చేస్తే ఎత్తలేదు. జరిగిందంతా మెసేజ్ రాసి పంపాను.

ఫిబ్రవరి 17, సోమవారం

డాక్టర్ శిల్ప నుంచి ఏమీ లేదు.

శివశంకర్ సార్‌కి అప్పటికే హర్షవర్ధన్ ఫోన్ చేసినట్టున్నాడు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు. ఇరవై నాలుగున సెమినార్ హాల్లో రిపోర్ట్ ప్రెజెంట్ చేయాలి, కంపెనీ వాళ్ళూ ట్రస్టు వాళ్ళూ వస్తున్నారు. రిపోర్ట్‌లో ఎనిమిది తప్పుల గురించే ఉండాలి. తొమ్మిదోది "అధ్యయన పరిధిలోకి రాదు" అని ఒక్క లైను రాస్తే చాలన్నారు.

సార్ చెడ్డవారు కాదు. ఆ మాట ఇక్కడ రాసుకోవాలి. కోయిలకుంట్ల నుంచి వచ్చి, ఈ కాలేజీకి ఎవరూ రాని రోజుల్లో కంపెనీల గుమ్మాలెక్కి దిగి పిల్లలకు ఉద్యోగాలు తెచ్చిన మనిషి. ఈ ఏడాది హర్షవర్ధన్ పద్నాలుగు మందికి ఆఫర్ ఇచ్చాడు. శివకుమారి వాళ్ళలో ఒకతె. సార్ గొంతు తగ్గించి అన్నారు:

"పద్నాలుగు మంది పిల్లోళ్ళమ్మా. వాళ్ళ ఇండ్లల్లో అందరికీ చెప్పుకోని ఉంటారు. ఒక్క లైను కోసం పోగొడ్తావా?"

క్లినిక్కుల్లో ఉన్నది కూడా పిల్లలే కదా సార్ అన్నాను. ఆయన నా థీసిస్ సంగతి కూడా ఆలోచించుకోమన్నారు. టీ తాగకుండా వచ్చేశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆ లైను రాయను.

ఫిబ్రవరి 19, బుధవారం

లెక్కలన్నీ తేలాయి. ఎనిమిది తప్పుల్లో సగటున చదివినవాళ్ళకు నాలుగున్నర. లోపల చూడకుండా పరీక్షించినవాళ్ళకు నాలుగు. ప్రతి దారీ నడిపినవాళ్ళకు మూడు పైచిలుకు. కంపెనీ టూల్‌కి కూడా అవే ఇచ్చి చూస్తే మూడు.

చదివినవాళ్ళే గెలిచారని రాసి హర్షవర్ధన్ ముఖాన కొడదామనిపించింది. గంటసేపు అలాగే అనిపించింది. మా దగ్గర ఉన్నది ఇరవై నాలుగు మంది. ఆ అర తేడా మీద జెండా పాతితే నేనూ ఆయన లాంటి మనిషినే.

పైగా ఇంకోటి ఉంది. ఆ పది కిలోల తప్పు. చదివిన ఎనిమిది మందిలో ఒక్కరూ దాన్ని చూడలేదు. శివకుమారి కూడా. దాని కింద కూడా పెన్సిల్ గీత ఉంది, దాటుకుని పోయింది. పరీక్షించినవాళ్ళు సరిగ్గా పది కొట్టి చూసి ఇట్టే పట్టేశారు. చదివే కన్ను ఒకచోట గుడ్డిది, కొట్టి చూసే వేలు ఇంకోచోట గుడ్డిది. ఒకరికి దొరకనివి ఇంకొకరికి దొరుకుతున్నాయి. ఏది ఎక్కువ అన్న ప్రశ్న నేనే టైటిల్‌లో రాశాను. అది తప్పు ప్రశ్న. ఏది మానేస్తే ఏది మిగిలిపోతుంది అని అడగాలి.

అదే రాశాను. సార్‌కీ, హర్షవర్ధన్‌కీ, ఇద్దరికీ నచ్చదు.

ఫిబ్రవరి 20, గురువారం

శివకుమారిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. రిపోర్ట్‌లో తన పేరు రాయను, "ఒక విద్యార్థి" అంటాను, ఆఫర్‌కి ఇబ్బంది ఉండదన్నాను. ఆమె నేలచూపులు చూస్తూ విన్నది. వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ పత్తికొండ మార్కెట్లో టమోటాలు ఏరుతుంది. గంపలో పైపైన చూసి ధర చెప్పే వ్యాపారులకు అడుగున చెయ్యి పెట్టి చూపించే మనిషట, అందుకని రెండు మండీల్లో పని పోగొట్టుకుందట. ఆఫర్ వచ్చిన రోజు మార్కెట్ అంతా చెప్పుకుందట.

ఇంటికి వెళ్ళి అమ్మను అడిగి రమ్మన్నాను. అక్కడే, వరండాలోకి పోయి ఫోన్ చేసింది. మూడు నిమిషాల్లో తిరిగి వచ్చింది.

"నా పేరే రాయండి మేడం. చూసింది నేను. దాంకోని యాడికి పోవల్ల?"

అమ్మ ఏమందని అడిగాను. అమ్మ తిట్టిందంది. ఇంత చిన్నదానికి ఫోన్ చేస్తావా అని.

ఫిబ్రవరి 24, సోమవారం, ఉదయం 9.10

సార్ తన స్లైడ్లు పంపారు. వాటిలో తొమ్మిదోది లేదు. నావి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.  

ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 2.30

అయిపోయింది. మరిచిపోకముందే రాస్తున్నాను.

ముందు వరసలో హర్షవర్ధన్, పక్కన నీలం కాటన్ చీరలో డాక్టర్ శిల్ప. నా మెసేజ్ గురించి అడిగాను. తెలియని నంబరని తెరవలేదంది. సరే, ఎదురుగానే చూస్తారులే అనుకున్నాను.

పట్టికలన్నీ చూపించాను. చదవడం ఎక్కువా టెస్టింగ్ ఎక్కువా అని ఎవరూ చంకలు గుద్దుకునే ఫలితం లేదని చెప్పాను. తర్వాత, తొమ్మిదో తప్పు అన్నాను. మూడో వరసలో సార్ కుర్చీలో కదిలారు. టైం అయిపోయిందని వేలితో గడియారం చూపించారు. చూడనట్టు ఉండలేదు. చూసి, ఇంకో అయిదు నిమిషాలు తీసుకుంటున్నాను సార్ అని మైకులోనే చెప్పాను.

హర్షవర్ధన్‌ని స్టేజీ మీదికి రమ్మని, ఆయన ట్యాబ్‌లోనే, ఆయన చేతులతోనే కొట్టమన్నాను. నవ్వుతూ వచ్చాడు. నాలుగేళ్ళ బిడ్డ, పదహారు కిలోలు. తొమ్మిదిన్నర. ఇప్పుడు ఏడు నెలల బిడ్డ, తూకం మిషను రిపేరులో ఉంది, బరువు వదిలేయండి అన్నాను. తెర మీద తొమ్మిదిన్నర పడింది. ఆయన మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తొమ్మిదిన్నర. మూడోసారి కొట్టేటప్పుడు ముఖంలో నవ్వు లేదు.

హాల్లో రెండు వందల మంది ఉన్నారు.  దీన్ని కనుక్కున్నది ఫైనలియర్ శివకుమారి, కోడ్ చదివి కనుక్కుంది అని చెప్పాను. కమలాపురంలో ఒక నర్సు చెయ్యి అంతకన్నా ముందే కనుక్కుంది, ఆమెను ట్రైనింగ్‌కి పంపారు అని కూడా చెప్పాను.

డాక్టర్ శిల్ప లేచి నిలబడింది. నన్ను కాదు, హర్షవర్ధన్‌ని అడిగింది.

"ఇది తెలిసి ఎన్ని రోజులైంది?"

పది రోజులని ఆయన చెప్పలేదు. నేను చెప్పాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

పదకొండు క్లినిక్కుల్లోనూ ట్యాబ్‌లు బీరువాల్లో పెట్టేశారు. డాక్టర్ శిల్ప ఆరు నెలల రికార్డులు తీయించి చూస్తోంది. బరువు ఖాళీగా ఉన్నవి నూట పన్నెండు. ముగ్గురు బిడ్డలకు ఎక్కువ పోశారు. ముగ్గురూ బతికే ఉన్నారు. ఇద్దరికి రక్తపరీక్షలు చేశారు, ఏమీ లేదు. మూడో బిడ్డ వాళ్ళు మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్ళారట, వెతుకుతున్నారు.

ఫిబ్రవరి 27, గురువారం

మూడో బిడ్డ దొరికింది. బాగుంది. కుర్చీలో కూర్చుండిపోయి ఏడ్చాను. రేపటి నుంచి మళ్ళీ కొట్లాడతాను.

మార్చి 3, సోమవారం

నన్ను ల్యాబ్ నుంచి తీసేసి ఫస్టియర్ క్లాసులకు వేశారు. శివశంకర్ సార్ గైడ్‌గా ఉండలేనని యూనివర్సిటీకి రాశారు. ఎదురుపడితే తల వంచుకుని వెళ్ళిపోతున్నారు. నేను తల వంచడం లేదు. గుడ్‌మార్నింగ్ కూడా ఆపలేదు.

పదమూడు మంది ఆఫర్లు అలాగే ఉన్నాయి. శివకుమారిది "హోల్డ్"లో పెట్టారు.

నాలుగో చాప్టర్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఇంకో గైడ్‌ని వెతుక్కుంటాను. దొరక్కపోతే ఇంకో యూనివర్సిటీ.

మార్చి 11, మంగళవారం

హర్షవర్ధన్ ఫోన్. క్షమాపణ కాదు. ఇద్దరు సీనియర్లనూ మళ్ళీ చదవడానికి కూర్చోబెట్టాడట. సిరప్ ప్రోగ్రాంలోనే అలాంటివి ఇంకో రెండు దొరికాయట. ట్రస్టు షరతు పెట్టిందట, చదివినవాళ్ళ సంతకం లేకుండా కొత్త వెర్షన్ తీసుకోబోమని. ఆ అమ్మాయి వస్తుందా అని అడిగాడు, ఇబ్బందిగా.

ఆమెనే అడగమని నంబరిచ్చాను.

సాయంత్రం శివకుమారి వచ్చి చెప్పింది. తను పట్టిన తప్పును ఎవరైనా కొట్టేస్తే, ఎందుకు కొట్టేశారో పక్కన రాసి సంతకం పెట్టాలని అడిగిందట. ఆయన ఆలోచించి చెబుతానన్నాడట. ఆలోచించుకోమన్నానంది.

రెండు గంటల తర్వాత ఒప్పుకున్నాడట.

మార్చి 21, శుక్రవారం

కొత్త వెర్షన్ వచ్చింది. చిన్నమ్మ ఫోటో తీసి పంపింది. బరువు ఖాళీగా వదిలితే ఇప్పుడు తెరంతా ఎర్రబడుతుంది. కంపెనీ వాళ్ళు "దయచేసి బరువు నమోదు చేయండి" అని రాశారట. శివకుమారి దాన్ని కొట్టేసి వేరే రాసిందట. అదే ఉంచారు.

బరువు లేకుండా డోసు చెప్పను.